ఏథెన్స్, నాక్సోస్, శాంతోరినీ: అమ్మానాన్నలు గుడ్డు కూడా తినరు, గ్రీకు తవెర్నాలో ఏం చెప్పుకోవాలి?

గోంగూరకట్ట:

సెప్టెంబరు చివర్లో ఐదుగురం గ్రీసు వెళ్తున్నాం. ముందు ఏథెన్స్, అక్కణ్నించి ఫెర్రీలో నాక్సోస్, చివర శాంతోరినీ. అమ్మానాన్నలు పక్కా శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. పాలు, పెరుగు, చీజ్ పర్వాలేదు, ఉల్లి వెల్లుల్లికీ అభ్యంతరం లేదు. మేమిద్దరం కోడి, మేక, గొర్రె, చేపలు తింటాం. గొడ్డుమాంసం, పందిమాంసం మాత్రం వద్దు. బాబుకి తొమ్మిదేళ్లు, వాడికి చిప్స్ ఉంటే ప్రపంచంతో పనిలేదు.

రోజూ ఇండియన్ హోటల్ వెతుక్కుంటూ తిరగడం మాకిష్టం లేదు. ఊళ్లోవాళ్లు తినే చోటే తినాలని ఉంది. కానీ మెనూలు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. శాకాహారం అనుకుని తెప్పించుకుంటే ఖీమా బయటపడే వంటలేవి? గుడ్డు ఎక్కడెక్కడ దాక్కుంటుంది? చేపకి ప్లేటు ధర కాకుండా కేజీ ధర రాసి ఉంది, అదెలా లెక్కేస్తారు? ఐదుగురికి ఎన్ని ప్లేట్లు చెప్పాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఆలివ్‌కొమ్మ:

మెనూ సంగతి తర్వాత, ముందు ఏ రకం కొట్టులో కూర్చుంటున్నారో చూసుకోండి. బోర్డు మీద 'తవెర్నా' అని ఉంటే అన్నీ కొద్దికొద్దిగా దొరుకుతాయి. 'ప్సిస్తర్యా' అంటే నిప్పుల మీద మాంసం కాల్చే చోటు. అమ్మానాన్నలకి అక్కడ సలాడ్, జాట్జీకి (పెరుగు, దోసకాయ, వెల్లుల్లి పచ్చడి), బంగాళాదుంపలు తప్ప ఏమీ మిగలదు. 'ప్సారోతవెర్నా' చేపలది. 'మెజెదోపొలీయో', 'ఉజెరీ' అన్నచోట చిన్న ప్లేట్లు వరసగా తెప్పించుకుని పంచుకుంటారు, అదీ మీకు బాగానే ఉంటుంది.

కానీ మీ పెద్దవాళ్ల కోసం వెతకాల్సింది 'మయీరీయో', లేదా 'మయేరికో'. పొద్దున్నే వండి, పెద్ద పెద్ద ట్రేల్లో గాజు వెనక పెట్టేస్తారు. మెనూ చదవక్కర్లేదు, కళ్లతో చూసి వేలితో చూపించొచ్చు. మధ్యాహ్నం నడిచే కొట్లివి. రెండు గంటలకల్లా మంచి వంటలు అయిపోతుంటాయి, నాలుగు దాటితే చాలా చోట్ల తలుపులు వేసేస్తారు, ఆదివారం చాలావాటికి సెలవు. అందుకే నా సలహా: పెద్ద భోజనం మధ్యాహ్నం చేయండి, రాత్రికి చిన్న ప్లేట్లతో సరిపెట్టండి.

మామూలు తవెర్నా మెనూలో 'లాదెరా' అనే విభాగం వెతకండి. ఆలివ్ నూనెలో, టమాటాతో నెమ్మదిగా మగ్గబెట్టిన కూరలన్నీ దానికింద ఉంటాయి. యీగండెస్ (బొటనవేలంత తెల్ల చిక్కుడు గింజలు టమాటాలో బేక్ చేసింది), బ్రియాం (వంకాయ, గుమ్మడి జాతి కాయ జుకిని, బంగాళాదుంప కలిపి ఓవెన్‌లో), ఫసోలాక్యా (పచ్చి చిక్కుళ్లు), బామ్యెస్ (బెండకాయలు), ఇమాం (ఉల్లిపాయ, టమాటా కూరిన వంకాయ). వీటిలో మామూలుగా గుడ్డు, పాలు ఏవీ పడవు. గోరువెచ్చగానో, చల్లారిపోయో వస్తాయి, అడుగున వేలు మందాన నూనె నిలుస్తుంది. పాతదేదో పెట్టారని వెనక్కి పంపకండి, ఆ వంటలు తినే పద్ధతే అది. ఆ నూనెని బ్రెడ్డుతో తుడుచుకు తింటారు, అసలు రుచంతా అక్కడే ఉంటుంది.

ఫావా మరిచిపోవద్దు. పసుపు పప్పుని మెత్తగా ఉడికించి, పైన పచ్చి ఉల్లిపాయ, కేపర్లు (ఊరబెట్టిన పుల్లటి మొగ్గలు), ఆలివ్ నూనె వేసి ఇస్తారు. పోపు లేని ముద్దపప్పే అనుకోండి. శాంతోరినీ ఫావాకి యూరోపియన్ యూనియన్ ప్రాంతపు గుర్తింపు కూడా ఉంది. కొన్నిచోట్ల పైన ఆక్టోపస్ ముక్కలు వేస్తారు, అలాంటప్పుడు మెనూలో విడిగా రాస్తారు, ఒకసారి చూసుకోండి.

ఇక దాక్కున్నవి.

యెమిస్తా అంటే అన్నం కూరిన టమాటాలు, క్యాప్సికంలు. ఒక కొట్టులో అచ్చం అన్నం, పుదీనాతో చేస్తారు, పక్క కొట్టులో ఖీమా కలుపుతారు. పైకి చూస్తే తేడా తెలియదు. మాంసం లేనిదాన్ని 'ఒర్ఫనా' అంటారు. దొల్మాదెస్ కూడా అంతే: చిన్నగా, చల్లగా, నిమ్మకాయ ముక్కతో వచ్చే 'యాలంజీ' రకం అన్నంతో చేస్తారు. వేడిగా, పైన తెల్లటి పులుసుతో వస్తే లోపల ఖీమా, పైన గుడ్డు నిమ్మరసం కలిపిన అవ్గొలేమొనో. తరామసలాటా పేరులో సలాడ్ ఉన్నా అది చేపగుడ్ల ముద్ద. గులాబీ రంగులోనే కాదు, తెల్లగా కూడా ఉంటుంది, రంగు చూసి మోసపోవద్దు.

గుడ్డు విషయానికొస్తే: జుకిని వడల్లో (కొలొకిథోకెఫ్తెదెస్) దాదాపు ఉంటుంది. పాలకూర పై, అంటే స్పనకోపితాలో ఫెటా చీజ్‌తో పాటు గుడ్డు పడటం మామూలే. 'వెజిటేరియన్ ముసాకా' (పొరలుగా పేర్చి బేక్ చేసిన వంకాయ) అన్నా పైన వేసే తెల్లటి పాల సాస్ బెషమెల్‌లో పచ్చసొన ఉంటుంది. వంకాయ పచ్చడిలాంటి మెలిజనోసలాటాలో కొందరు మయొనైజ్ కలుపుతారు. జాట్జీకి, స్కొర్దల్యా (వెల్లుల్లి, బంగాళాదుంప), తిరోకఫ్తెరీ (ఫెటాతో కొద్దిగా కారం) మామూలుగా సేఫ్.

అన్నం మీద ఆశ పెట్టుకోవద్దు. పక్కన ఇచ్చే పిలాఫీని చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్లలో వండుతారు. అడగాల్సిన మాటలు మూడే: 'ఎహీ కిమా?' (ఖీమా ఉందా), 'ఎహీ అవ్గో?' (గుడ్డు ఉందా), 'ఎహీ జోమో?' (మాంసం ఉడికిన నీళ్లు పడ్డాయా). జవాబు దగ్గర జాగ్రత్త. 'నే' అంటే అవును, 'ఓహీ' అంటే కాదు. ఏమీ అనకుండా కనుబొమలు ఎగరేసి తల వెనక్కి విసిరితే అదీ కాదనే. మనం తలూపే తీరు వాళ్లకి అర్థం కాదు, నోటితోనే చెప్పండి.

పిరేయస్‌పడవ:

పై వ్యాఖ్య చాలావరకు సరిపోయింది. మాంసం, చేపల సంగతి నేను చెప్తాను.

'క్రేయాస్' (మాంసం) వద్దు అంటే కొందరు వెయిటర్ల లెక్కలో కోడి వద్దన్నట్టు కాదు. కాబట్టి పెద్దవాళ్లకి 'ఓహీ క్రేయాస్, ఓహీ కొటొపులో, ఓహీ ప్సారీ' (మాంసం వద్దు, కోడి వద్దు, చేప వద్దు) అని మూడూ చెప్పండి. మీ ఇద్దరికి 'ఓహీ హిరినో, ఓహీ మొస్హారీ', అంటే పంది వద్దు, గొడ్డుమాంసం వద్దు.

సువ్లాకీ (పుల్లకి గుచ్చి కాల్చిన ముక్కలు), గైరో (నిలువు కడ్డీ మీద కాల్చి చెక్కిన మాంసం, అక్కడ యీరో అంటారు) అని ఊరికే అడిగితే వచ్చేది పందే. కొటొపులో అని నొక్కి చెప్పాలి. బిఫ్తేకీ, కెఫ్తేదెస్, సూజుకాక్యా: ఇవన్నీ ఖీమా ముద్దలు, గొడ్డుమాంసంతోనో, పందితో కలిపో చేస్తారు. పస్తీచ్యో (ఖీమాతో బేక్ చేసిన పాస్తా), స్తిఫాదో (చిన్న ఉల్లిపాయలతో మాంసం కూర), యువేచీ (బియ్యపు గింజల్లాంటి పాస్తాతో మాంసం) ఎక్కువగా గొడ్డుమాంసమే. స్తిఫాదో కుందేలుతో, యువేచీ గొర్రెతో చేసే చోట్లున్నాయి కానీ అడగకుండా నమ్మొద్దు. ముసాకాలో గొడ్డో గొర్రో, కొట్టుని బట్టి. 'పికిల్యా' పేరుతో వచ్చే కలగలుపు ప్లేటులో అన్నీ ఉంటాయి, దాని జోలికి పోకండి. మీకు నిశ్చింతగా ఉండేవి: పైదాక్యా (గొర్రెపిల్ల చాప్స్), క్లెఫ్తికో (గొర్రె, కాగితంలో చుట్టి ఓవెన్‌లో), కట్సీకీ (మేక), కోడి సువ్లాకీ. పైదాక్యా కూడా చాలాచోట్ల కేజీ లెక్క. ఇద్దరికి అరకేజీ చాలు, ఎముకలున్నాయి కదా అని కేజీ చెప్పకండి. అన్నీ ఒకే గ్రిల్ మీద కాలుతాయి, ఆ పట్టింపు ఉంటే మాత్రం ఓవెన్ వంటకాలే తీసుకోవాలి.

చేపల ధర. మెనూలో చేప పేరు ఎదురుగా 65 అని ఉండి పక్కన కేజీ అని చిన్నగా ఉంటుంది. గొడవలన్నీ ఆ చిన్న అక్షరం దగ్గరే వస్తాయి. బరువు పచ్చి చేపకి, శుభ్రం చేయకముందు చూస్తారు. ఒక చేప చాలనుకుంటే 900 గ్రాములది వచ్చిందనుకోండి, 58 యూరోల 50 సెంట్లు. పొట్ట, పొలుసు, తల, ముల్లు పోగా కంచంలో మిగిలేది సగం. అందుకని ఐసు పెట్టె దగ్గరికి మీరే వెళ్లి చేపను చూపించి, తూకం వేయించి, మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకుని, ఆ తర్వాతే వండమనండి. ఇది మొహమాటపడే విషయం కాదు, అక్కడివాళ్లూ అదే చేస్తారు. తూకం లేకుండా 'మీకు మంచిది చూసి తెస్తాను' అన్నచోట లేచి వచ్చేయండి. ఎండ్రకాయ జాతి పెద్ద రొయ్య అస్తకోస్‌తో చేసే పాస్తా (అస్తకోమకరొనాదా) కూడా కేజీ లెక్కే, బిల్లు పేలిపోయేది ఎక్కువగా దానితోనే.

డబ్బు దండగ కాకుండా చేప తినాలంటే చిన్న చేపలు తీసుకోండి: గావ్రోస్, సార్దెలా, అథెరీనా. ఇవి ప్లేటు ధరకే వస్తాయి, పైగా తాజాగా ఉంటాయి. చిన్నవాటిని తలతోసహా కరకరా నమిలేస్తారు. సిపూరా, లవ్రాకీ అనేవి ఎక్కువగా చెరువుల్లాంటి వలల్లో పెంచినవి. ఒక్కొక్కటి 300 నుంచి 400 గ్రాములు, ఒక మనిషికి ఒకటి, రుచికి ఢోకా లేదు. పేరు పక్కన నక్షత్రం గుర్తు గానీ 'కత్.' అని గానీ ఉంటే ఫ్రీజర్ సరుకు. ఆ ముక్క రాయడం చట్ట ప్రకారం తప్పనిసరి. కలమారీ (స్క్విడ్) చాలాచోట్ల ఫ్రీజర్‌దే, దానికి తాజా ధర ఇవ్వకండి.

బాబు చిప్స్ గురించి ఒక మాట: బంగాళాదుంపలు, కలమారీ ఒకే నూనెలో వేగే చోట్లు చాలా ఉన్నాయి. బాబుకి ఫర్వాలేదు, అమ్మానాన్నలకి పెట్టేముందు 'ఇదియో లాదీ?' (అదే నూనేనా) అని అడగండి.

తులసికోట:

ఒక చిన్న సవరణ లాంటిది. చాలామంది మనవాళ్లకి 'నిస్తీసిమో అని అడగండి, ఉపవాసం తిండి, పూర్తి శాకాహారం' అని చెప్తుంటారు. అది సగమే నిజం. ఆర్థోడాక్స్ చర్చి ఉపవాసంలో మాంసం, గుడ్డు, పాలు, చేప మానేస్తారు. కానీ ఆక్టోపస్, కలమారీ, రొయ్యలు, ఆల్చిప్పలు తినొచ్చు, వాటికి రక్తం లేదన్న లెక్క. తరామసలాటా కూడా ఉపవాసం మొదటి రోజైన కథరా దెఫ్తెరా నాటి బల్ల మీద తప్పకుండా ఉంటుంది. కాబట్టి తవెర్నాలో నిస్తీసిమో మాట ఒక్కటే నమ్మితే కంచంలోకి ఎనిమిది కాళ్లది వచ్చి కూర్చుంటుంది.

అదే మాట బేకరీలో (ఫూర్నోస్) మాత్రం బంగారం. నిస్తీసిమో అని చీటీ ఉన్న పాలకూర పైలో గుడ్డు ఉండదు, చీజ్ కూడా ఉండదు. పొద్దున టిఫిన్ సమస్య దాంతో తీరిపోతుంది. నువ్వులు అద్దిన గుండ్రటి కులూరీ ఉంది, అదీ బ్రెడ్డే.

ఇంకొకటి, పట్టింపు ఉన్నవాళ్ల కోసం: ఫెటా గొర్రెపాలతో చేస్తారు, అందులో మేకపాలు 30 శాతం దాకా కలపొచ్చు. పాలు విరగడానికి వాడే రెన్నెట్ సంప్రదాయంగా గొర్రెపిల్ల, మేకపిల్ల కడుపు నుంచి తీసేది. ఇండియాలో ప్యాకెట్ చీజ్ మీద పచ్చ చుక్క చూసి కొనేవాళ్లయితే ఈ సంగతి ముందే ఇంట్లో మాట్లాడుకోండి, బల్ల దగ్గర కాదు.

గోంగూరకట్ట:

అందరికీ చాలా థాంక్స్ అండీ. రెన్నెట్ సంగతి నాన్నకి చెప్పాను, ఫెటా లేకుండా కూడా సలాడ్ ఇస్తారా అని అడుగుతున్నారు. బిల్లు గురించి కూడా చెప్పరూ: అడగకుండా బ్రెడ్డు పెట్టి డబ్బులు వేస్తారట, టిప్ ఎంత ఇవ్వాలి? పెద్దవాళ్లు రాత్రి ఏడున్నరకల్లా తినేయాలి, అప్పటికి తెరుస్తారా?

ఆలివ్‌కొమ్మ:

ఇస్తారు. హొరియాతికి అంటే టమాటా, దోసకాయ, ఉల్లిపాయ, పచ్చ క్యాప్సికం, ఆలివ్‌లు, పైన ఫెటా పలక. 'హొరీస్ ఫెటా' అంటే పలక తీసేసి ఇస్తారు. ఆకులు తరిగి వేశారంటే అది టూరిస్టుల కోసం చేసిందే. ఫెటా మానేస్తే హోర్తా కూడా చెప్పండి: ఉడికించిన ఆకుకూరలు, నిమ్మకాయ, నూనె, అంతే. చేదుగా ఉంటే ఉప్పు, నిమ్మరసం ఇంకొంచెం వేసుకోవచ్చు.

బ్రెడ్డు డబ్బుల్ని 'కువేర్' అంటారు, మనిషికి 50 సెంట్ల నుంచి రెండు యూరోల దాకా. మెనూలో రాసి ఉంటుంది. వద్దనుకుంటే బుట్ట బల్ల మీదికి రాగానే వద్దనండి. ఒక ముక్క తుంచాక వాదించి లాభం లేదు. అయినా లాదెరా తినేవాళ్లు బ్రెడ్డు వద్దంటే ఎలా? నీళ్ల సీసా కూడా అడగకుండానే మూత తీసి పెడతారు. ఏథెన్స్‌లో కుళాయి నీళ్లు తాగొచ్చు, 'నెరో వ్రీసిస్' అంటే జగ్గుతో తెస్తారు.

మెనూలో రాసిన ధరలోనే పన్ను, సర్వీసు ఉంటాయి. టిప్ తప్పనిసరి కాదు. 47 యూరోలైతే 50 ఇచ్చేయడం మామూలు, చాలా బాగా చూసుకుంటే పది శాతం దాకా. కార్డు అన్నిచోట్లా తీసుకుంటారు. టిప్ మాత్రం నాణేలుగా బల్ల మీద పెట్టడం మేలు, కాబట్టి చిల్లర ఉంచుకోండి.

బిల్లు దానంతటదే రాదు. రెండు గంటలు కూర్చున్నా ఎవరూ లేపరు, నిర్లక్ష్యం అనుకోకండి. 'తో లొగర్యాజ్మో, పరకలో' అనాలి. వచ్చిన చీటీ చిన్న గ్లాసులో చుట్టి పెడతారు. అది మెషీన్‌లో కొట్టిన రసీదే అయి ఉండాలి, చేత్తో రాసిన అంకెలు చాలవు. రసీదు ఇవ్వకపోతే డబ్బు కట్టాల్సిన పని లేదని చట్టమే చెప్తుంది, మెనూ అడుగున ఆ వాక్యం గ్రీకులోనూ ఇంగ్లీషులోనూ అచ్చువేసి ఉంటుంది. చేపకి వాళ్లు చెప్పిన బరువు, రసీదులో పడ్డ బరువు ఒకటేనా చూసుకోండి. తేడా వస్తే ముందు మర్యాదగా అడగండి, తేలకపోతే టూరిస్టు పోలీసు నంబరు 1571 అని చెప్తే చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఏడున్నర అంటే వాళ్ల లెక్కలో సాయంకాలమే. అక్కడివాళ్లు తొమ్మిదికి మొదలుపెడతారు. టూరిస్టులు తిరిగే వీధుల్లో ఏడున్నరకి తిండికి లోటు లేదు. పేటల్లో ఉండే తవెర్నాలో మాత్రం నిప్పులింకా రాజుకోవు, వంటింట్లో సిద్ధంగా ఉన్నవే దొరుకుతాయి. మీ అమ్మానాన్నలకి కావాల్సినవి అవే కాబట్టి ఇబ్బంది లేదు, మీ చాప్స్‌కే కాస్త ఆగాలి.

ఏథెన్స్‌లో టూరిస్టుల పేట ప్లాకాలో మెట్ల మీద నిలబడి 'నమస్తే, బాలీవుడ్' అని పిలిచే కొట్లని దాటేయండి. పది పదిహేను నిమిషాలు నడిస్తే కుకాకీ, లేదా కొంచెం దూరం పెట్రాలోనా, పంగ్రాతీ. అథినాస్ వీధిలో వర్వాకియోస్ మార్కెట్‌లోని మయీరీయోలు పేరున్నవే. కానీ వాటిదాకా వెళ్లాలంటే వేలాడే మాంసం వరసల మధ్య నడవాలి, అమ్మానాన్నలతో వద్దు.

ద్వీపంగాలి:

దీవుల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి.

నాక్సోస్ బంగాళాదుంపలకి పేరున్న దీవి. మీ బాబు అదృష్టం. 'పతాతెస్ నాక్సూ' అని రాసి ఉంటే ఫ్రీజర్‌వి కాదు, అక్కడే కోసి వేయించినవి. గ్రవ్యేరా అనే చీజ్ కూడా అక్కడిదే, ఎక్కువ ఆవుపాలతో చేస్తారు, మెత్తటి తీపి. వేయించి సగనాకీగా ఇస్తే నిమ్మకాయ పిండి వేడి మీదే తినేయాలి, చల్లారితే రబ్బరు.

శాంతోరినీలో ఫావాతో పాటు తొమతోకెఫ్తెదెస్, అంటే అక్కడి చిన్న టమాటాలు, ఉల్లి, పుదీనా, పిండి కలిపి వేసే వడలు. పేరులో కెఫ్తెదెస్ ఉన్నా మాంసం ఉండదు. గుడ్డు పడకుండానే చేస్తారు కానీ అందరూ కాదు, 'ఎహీ అవ్గో' అడగాల్సిందే. అక్కడి తెల్ల వంకాయ కూడా బాగుంటుంది. ఇయాలో, ఫీరాలో అగ్నిపర్వతపు లోయ కనిపించే బల్లకి వ్యూ డబ్బులు కలిపే వేస్తారు, తిండి మాత్రం అదే. పీర్గోస్, మెగలోహోరీ, ఎంపొరియో లాంటి లోపలి ఊళ్లలో తినండి, సూర్యాస్తమయం ఊరికే గోడ మీద కూర్చుని చూడండి. ఇయా కింద అమ్ముదీ రేవులో చేపల తవెర్నాలున్నాయి. దిగడానికి మెట్లు బాగా ఎక్కువ, కాబట్టి పెద్దవాళ్లని రోడ్డు దారిన కారులో తీసుకెళ్లండి. శాంతోరినీలో కుళాయి నీళ్లు తాగొద్దు, సీసా కొనాల్సిందే.

ఐదుగురికి ప్లేట్ల లెక్క: ఒక హొరియాతికి (ఇద్దరు ముగ్గురికి వస్తుంది), ఫావా ఒకటి, జాట్జీకి ఒకటి, లాదెరా రెండు, చిప్స్ ఒకటి, మీకు మాంసమో చేపో ఒకటి. అంతే, ఆగండి. చాలకపోతే మళ్లీ చెప్పొచ్చు. అన్నీ ఒకేసారి, వంటింట్లో ఏది ముందైతే అది వస్తాయి. పెద్దవాళ్లవి ముందు కావాలంటే ఆ రెండు మూడే ముందు ఆర్డరు ఇచ్చి, మిగతావి పది నిమిషాలాగి చెప్పండి. కారం కావాలంటే 'బూకొవో' అడగండి, ఎండుమిర్చి గింజలతో సహా దంచినది తెస్తారు. అయినా ఆవకాయ సీసా సంచిలో ఉంటే ఎవరూ కాదనరు, తవెర్నా బల్ల మీద తీయకుండా గదిలో ఉంచుకోండి.

చివర్లో పండ్ల ముక్కలో, రవ్వ హల్వానో ఊరికే ఇస్తే అది కొట్టువాళ్ల మర్యాద, బిల్లులో వేయరు. రవ్వ, నూనె, పంచదారతో చేసే హల్వాలో గుడ్డు ఉండదు. గలక్తోబూరెకో (పాల కస్టర్డ్ స్వీటు), పొర్తొకలోపితా (నారింజ కేకు) అంటే మాత్రం రెండింట్లోనూ గుడ్డు ఉంటుంది. చిన్న గ్లాసుల్లో నీళ్లలా తెల్లగా ఏదైనా పెడితే అది సీపురో లాంటి సారా, బాబుకి అందనంత దూరంలో పెట్టండి.